యూవీ స్టెరిలైజర్ బాగుంది, డబ్బా మీద లెక్కలే నమ్మొద్దు

ఎండలు 40 దాటాయంటే కర్నూలులో ఫిష్ ట్యాంక్ ఉన్న ప్రతి ఇంట్లో ఒకటే గోల, నీళ్లు పచ్చగా తిరిగిపోయాయని. దానికోసం తీసుకున్నదే ఈ 9 వాట్ల యూవీ స్టెరిలైజర్, అంటే తనగుండా పోయే నీళ్లలోని పాచినీ క్రిముల్నీ యూవీ వెలుతురుతో చంపే గొట్టం. నల్లటి ప్లాస్టిక్ గొట్టం, లోపల క్వార్ట్జ్ గాజు స్లీవ్, దాంట్లో ల్యాంపు, ఒక మూతి నుంచి నీళ్లు లోపలికి ఇంకో మూతి నుంచి బయటికి, అంతే వ్యవహారం. కంపెనీ పేరు రాయడం లేదు, ఇలాంటి గొట్టాలే రకరకాల స్టిక్కర్లతో దొరుకుతున్నాయి. వస్తువైతే పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. అంగట్లో ఇచ్చే సలహానే అవతల పెట్టండి.

"పెద్ద మోటారు వేసుకోన్నా, నీళ్లు ఎంత జోరుగా తిరిగితే అంత క్లీన్" అన్నాడు అంగడాయన. యూవీ విషయంలో ఇది తలకిందులు మాట. ల్యాంపు ఇచ్చే యూవీ-సి (254 నానోమీటర్ల, క్రిముల్ని చంపే రకం యూవీ) ముందు నీళ్లు ఎంతసేపు ఉంటే పాచికీ క్రిములకూ దెబ్బ అంత గట్టిగా పడుతుంది. పచ్చనీళ్ల పాచికి కాస్త జోరున్నా నడుస్తుంది గానీ, వైట్ స్పాట్ (చేపల ఒంటి మీద తెల్ల చుక్కలొచ్చే జబ్బు) తెచ్చే క్రిమి చావాలంటే చాలా నెమ్మదిగా వదలాలి. మంచి మాన్యువల్ అయితే ఈ రెండు ఫ్లోలూ విడివిడిగా ఇస్తుంది. దీని డబ్బా మీద "1000 లీటర్ల ట్యాంకు వరకు" అని ఒక్క ముక్క కొట్టి వదిలేశారు. గంటకు ఎన్ని లీటర్లు పంపాలో చెప్పకుండా ట్యాంకు సైజు చెప్తే ఏం చేసుకోవాలి స్వామీ?

సరే, మనమే కొలుచుకుందాం. బకెట్టూ ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. బకెట్ మీద 10 లీటర్లని రాసుంటే అది అంచు దాకానో ఎందాకానో దేవుడికే తెలియాలి, అందుకని లీటరు వాటర్ బాటిల్‌తో పది సార్లు పోసి స్కెచ్ పెన్నుతో గీత కొట్టుకోండి. ఫిల్టరు, యూవీ, పైపులు అన్నీ బిగించాక, నీళ్లు ట్యాంకులో పడే చోట, అదే ఎత్తులో బకెట్ పట్టాలి, నేల మీద పెట్టి పట్టారంటే ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. నా మోటారు డబ్బా మీద గంటకు 1800 లీటర్లని ఉంది. గీత దాకా నిండడానికి 36 సెకన్లు పట్టింది, అంటే గంటకు 1000. మిగతాది నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు, ఫిల్టరులోని స్పాంజి, పైపు వంపులు తినేశాయి. డబ్బా మీద వేసేది ఎత్తు సున్నా ఉన్నప్పటి అంకె కాబట్టి మోటారును తిట్టి లాభం లేదు.

ఇంకో చిన్న పని కూడా చేయండి. ప్లగ్గు పీకేసి, స్లీవ్ లోపలే ఉంచి, ఒక మూతి మూసి గొట్టం నిండా నీళ్లు పోసి కొలవండి. నాదాంట్లో అర లీటరు పట్టింది. గంటకు 1000 లీటర్లు పోతుంటే ఆ నీళ్లు లోపల ఉండేది 1.8 సెకన్లే. మోటారు దాటాక పైపులో బాల్ వాల్వు పెట్టి, బకెట్ 72 సెకన్లకు నిండేలా తిప్పితే అది 3.6 అయింది. నా 250 లీటర్ల ట్యాంకు నీళ్లు అప్పటికీ గంటకు రెండు చుట్లు తిరుగుతాయి, చాలు. ట్యాంకు వెనక అతికించిన బొమ్మ మళ్లీ స్పష్టంగా కనపడింది. వాల్వు మాత్రం మోటారు పీల్చుకునే వైపు పెట్టొద్దు, నీళ్లందక గర్రుమంటుంది. ఫిల్టర్ ఫ్లో తగ్గుతుందని టెన్షన్ ఉంటే పైపుకు టీ జాయింటు (ఒక లైన్‌ను రెండుగా చీల్చే T ఆకారపు ముక్క) వేసి యూవీకి వేరే లైన్ ఇవ్వండి.

మన బోరు నీళ్లతో ఒక తలనొప్పి ఉంది, స్లీవ్ మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. పైకి గాజు మసకేసినట్టే ఉంటుంది గానీ, ఆ పొర యూవీని మింగేస్తుంది, ఫ్లో ఎంత కరెక్టుగా పెట్టినా దండగే. నిమ్మరసం పూసి మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. ల్యాంపు వెలుగుతుండగా బయటికి తీసి చూడొద్దు, కళ్లు పోతాయి. బకెట్ నిండే టైమ్ రానురాను పెరుగుతుంటే స్పాంజి కడగాలని అర్థం.

నచ్చనివి రెండు. వైరు మరీ పొట్టి, జంక్షన్ బాక్సు ట్యాంకు పక్కనే పెట్టాల్సొస్తోంది, నీళ్లున్న చోట అది మంచిది కాదు. రెండోది ల్యాంపు. నీలంగా వెలుగుతూనే ఉంటుంది గానీ సుమారు 9000 గంటలు, అంటే ఆపకుండా వాడితే ఏడాది దాటేసరికి, లోపల యూవీ తగ్గిపోతుంది. స్పేర్ అంగట్లో లేదన్నారు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. కొనేముందు మూత విప్పి రెండు పిన్నుల జి23 బేస్ ఉందో లేదో చూసుకోండి, అదైతే వేరే కంపెనీ 9 వాట్ల యూవీ-సి ల్యాంపు కూడా పడుతుంది.