సున్నపు నేలలో ఇనుము, జింకు లోపాలు: నేలలో వేస్తే మేలా, ఆకు మీద కొడితే మేలా?

బెంగళూరులో ఉద్యోగం, తాడిపత్రి, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు చీనీ (బత్తాయి) తోట. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్‌లలో ఇలాంటి తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. సలహాలు, మందులు ఇక్కడి నుంచే పట్టుకెళ్తారు. తిరకాసంతా అక్కడే. బెంగళూరు, కోలారు చుట్టుపక్కల ఎర్రనేలలు గ్రానైటు, నైస్ రాళ్లు అరిగి ఏర్పడ్డవి. చాలాచోట్ల వాటిలో కాస్త పులుపు గుణం ఉంటుంది. మన ఊళ్ల కింద ఉన్నది నాపరాయి. ఆ సున్నపురాయి కోసమే కదా సిమెంటు ఫ్యాక్టరీలన్నీ అటు వచ్చాయి! ఇక్కడ పనిచేసిన మందు అక్కడా పనిచేస్తుందనుకుంటే డబ్బు దండగే.

సున్నపు నేలలో ఇనుముకు కొదవేమీ లేదు, కానీ ఉన్నదంతా తాళం వేసిన గాదెలో ఉన్నట్టే. నేల పులుపు, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ ఒక్క అంకె పెరిగితే నీటిలో కరిగే ఇనుము దాదాపు వెయ్యి రెట్లు, జింకు వంద రెట్లు తగ్గిపోతాయి. రెండింటికీ ఒకే మందు చాలదని చెప్పడానికి ఈ తేడా ఒక్కటి చాలు.

జింకు సంగతి తేలికే. మొక్కకు అందే జింకును కొలిచే డీటీపీఏ మట్టి పరీక్షలో 0.6 పీపీఎం (కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాములు) కంటే తక్కువ వస్తే లోపమున్నట్టు. వరి, మొక్కజొన్న లాంటి పైర్లకు ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ నేలలో వేయడమే నయం. దాని ప్రభావం తర్వాతి పంటకూ కొంత మిగులుతుంది. డీఏపీతో మాత్రం కలపొద్దు. చీనీ చెట్లకైతే కొత్త చిగురు మీద పిచికారీ చేయడమే మేలు. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్క సిట్రస్ స్పెషల్ కూడా ఇలా ఆకు మీద కొట్టేదే.

అసలు టెన్షన్ ఇనుముతోనే. లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. ముదిరితే ఆకు తెల్లబడుతుంది. చాలామంది ముందుగా చేసేది పాదుల్లో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) చల్లడం. సున్నపు నేలలో అది త్వరలోనే తుప్పుగా మారి వేరుకు అందకుండా పోతుంది. అదే అన్నభేదిని లీటరు నీటికి 5 గ్రాములు, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట వేరుశనగ మీద కొడితే బాగా పనిచేస్తుంది, ఖర్చూ తక్కువ. ముదురు ఆకులోని ఇనుము కొత్త చిగురుకు పెద్దగా చేరదు కాబట్టి వారం పది రోజులకు మళ్లీ కొట్టాల్సిందే. మూడు నాలుగు నెలల పంటకు ఇది నడుస్తుంది. ఏళ్ల తరబడి ఉండే తోటలో ఏటా ఎన్నిసార్లని కొడతాం?

అందుకే చీనీకి నా ఓటు డ్రిప్‌లో ఇచ్చే చీలేటెడ్ ఇనుముకే, అంటే తుప్పుగా మారకుండా ఒక రసాయనం పట్టి ఉంచే ఇనుముకే. కొనేటప్పుడు ఒక్కటి గమనించండి. ఇలా పట్టి ఉంచే రసాయనాల్లో ఈడీటీఏ రకం ప్యాకెట్ మీద ఇనుము 12 శాతం అని, ఈడీడీహెచ్ఏ రకం మీద 6 శాతం అని ఉంటుంది. రెండోదాని ధర ఎక్కువ. శాతం, ధర చూసి మొదటిదే లాభమనిపిస్తుంది. కానీ పీహెచ్ 6.5 దాటాక ఈడీటీఏ పట్టు సడలుతుంది. ఇనుమును వదిలేసి సున్నాన్ని పట్టుకుంటుంది. ఈడీడీహెచ్ఏ మాత్రం పీహెచ్ 9 వరకూ ఇనుమును వదలదు. పీహెచ్ 8 దాటిన తోటలో ఈడీటీఏను నేలలో పోయొద్దనే గట్టిగా చెబుతాను. కావాలంటే దాన్ని ఆకు మీద కొట్టండి. ఈడీడీహెచ్ఏ ఎండకు చెడిపోతుంది కాబట్టి దాని చోటు వేరు దగ్గరే.

గంధకం వేసి నేలనే మార్చేద్దామనే వాళ్లు ఒక్కసారి లెక్క వేసుకోవాలి. ఎకరా పైమట్టి, అంటే సుమారు ఆరంగుళాల లోతు వరకు, సుమారు 9 లక్షల కిలోలు. అందులో సున్నం 1 శాతమే ఉన్నా 9,000 కిలోలు. దాన్ని విరగ్గొట్టడానికి దాదాపు 2,900 కిలోల గంధకం కావాలి. మన నేలల్లో సున్నం 1 శాతంతో ఆగదు. జిప్సం చవుడు నేలకు మందే గానీ సున్నాన్ని తగ్గించదు.

నీళ్లు ఎక్కువ పెట్టినా ఈ పసుపు ముదురుతుంది. మడి ఆరకుండా తడిపే అలవాటు మానితే కొన్ని చెట్లు వాటంతటవే కోలుకుంటాయి. కొత్తగా మొక్కలు నాటేవాళ్లు నర్సరీలో కొమ్మ రకంతో పాటు అంటు కట్టిన వేరు ఏదో కూడా అడగండి. సున్నాన్ని తట్టుకోవడంలో రంగపూర్ నిమ్మ వేరు మెరుగు.