మల్టీమీటర్ ఫోటో చూసి గిటార్ కొనకండి (బెంగళూరులో సెకండ్ హ్యాండ్ వెతికేవాళ్లకి)

బీటీఎమ్ లేఅవుట్ వైపు ఒకతను సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్లు అమ్ముతున్నాడు. పేరు రాయను. బ్రిడ్జ్ పికప్ (బ్రిడ్జ్ దగ్గర, స్ట్రింగ్స్ కింద ఉండి వాటి కదలికని పట్టే భాగం) మార్చేసి, "చేత్తో చుట్టిన వింటేజ్ హంబకర్, వ్యాక్స్ పాటింగ్ చేసింది, 7.8 కిలో ఓమ్స్" అని ప్రకటన పెడతాడు. హంబకర్ అంటే రెండు తీగ చుట్టలున్న పికప్. వ్యాక్స్ పాటింగ్ అంటే ఆ చుట్లు కదలకుండా లోపల మైనం పట్టించడం. కిలో ఓమ్స్ ఆ తీగ నిరోధం. పక్కనే మల్టీమీటర్ రీడింగ్ ఫోటో. పోయిన నెల 16,500 పోసి నేనొకటి తెచ్చుకున్నాను.

వెళ్లగానే "మీది ఏ ఊరన్నా" అన్నాడు. కర్నూలు అన్నాను. వాళ్లదీ అటువైపే అట. టీ తెప్పించాడు. ఈ ఊళ్లో తెలుగు వినిపిస్తే నాకు సగం బుర్ర పనిచేయదు. చిన్న ప్రాక్టీస్ ఆంప్‌లో, క్లీన్ సౌండ్‌లో, వాల్యూమ్ రెండు మీద పెట్టి వాయించాడు. తియ్యగా ఉంది. గెయిన్ (ఆంప్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పేది) పెంచి చూద్దామంటే, "కింద ఓనర్ వాళ్లున్నారన్నా, గొడవవుతుంది" అన్నాడు. నేనూ అద్దె ఇంట్లో ఉండేవాడినే కదా, పాపం అనుకున్నాను.

ఆదివారం కోరమంగళలో జామ్ రూమ్. డిస్టార్షన్ వేసి వాల్యూమ్ ఐదు దాటించగానే కుక్కర్ విజిల్ లాంటి కూత మొదలైంది. స్ట్రింగ్స్ మీద అరచెయ్యి ఆనించినా ఆగలేదు. మా డ్రమ్మర్ చెవులు మూసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఫోన్ చేస్తే, "ఆంప్‌కి దగ్గరగా నిలబడితే ఏ గిటారైనా అరుస్తుందన్నా. అయినా అది హంబకర్, నాయిస్ రాదు" అన్నాడు. సగం నిజం చెప్పేవాడితోనే కష్టం. ఆంప్ ముందు నిలబడితే స్ట్రింగ్ ఊగి ఫీడ్‌బ్యాక్ వస్తుంది, నిజమే. కానీ అది ఒక స్వరంలా పలుకుతుంది, స్ట్రింగ్స్ అదిమితే ఆగిపోతుంది. అదిమినా ఆగని సన్నటి కూత వేరే సంగతి. హంబకర్‌లో రెండు కాయిల్స్‌ని (తీగ చుట్టల్ని) ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిపేది కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్‌ని కొట్టేయడానికి. లోపల వదులుగా ఉన్న చుట్టు కదిలితే వచ్చే శబ్దాన్ని అది ఆపలేదు.

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ, వేల చుట్లు. స్ట్రింగ్ కదిలితే కాయిల్‌లో వోల్టేజ్ పుడుతుంది. చుట్లు వదులుగా ఉన్నా, పైనున్న లోహపు కవర్ సరిగ్గా ఆనకపోయినా, స్పీకర్ మోతకి అవి కూడా అదురుతాయి. ఆ అదురు వోల్టేజ్ అయి ఆంప్‌కి వెళ్తుంది, స్పీకర్‌లోంచి ఇంకా పెద్దదై వచ్చి మళ్లీ వాటినే అదిరేలా చేస్తుంది. పికప్ కాస్తా మైక్ అయిపోతుంది. గెయిన్ తక్కువున్నప్పుడు ఈ చక్రం తిరగదు. "కింద ఓనర్" కథ ఎందుకో నాకు అప్పుడు వెలిగింది.

వెలగడానికి ముందు నేను చేసిన తెలివితక్కువ పనులు కూడా చెప్పాలి. కేబుల్ మార్చాను. ఎస్పీ రోడ్డుకి వెళ్లి రాగి టేపు తెచ్చి లోపలంతా అతికించాను. హమ్‌కి అది పనికొస్తుంది, ఈ కూతకి రవ్వంత కూడా కాదు. రెండు వారాంతాలు పోయాయి.

అసలు పరీక్షకి ఐదు నిమిషాలు చాలు. కూత వస్తున్నప్పుడు గిటార్ వాల్యూమ్ సున్నా చేయండి. అయినా వస్తుంటే తప్పు ఆంప్‌ది, ట్యూబ్ ఆంప్ అయితే ముందు ట్యూబులని అనుమానించండి. ఆగిపోతే సెలెక్టర్ (ఏ పికప్ పలకాలో ఎంచుకునే స్విచ్) మార్చి చూడండి. నాది నెక్ పికప్ మీద పూర్తిగా ఆగింది, బ్రిడ్జ్ మీదికి రాగానే మళ్లీ మొదలు. తర్వాత స్ట్రింగ్స్ అదిమి పట్టుకుని ప్లాస్టిక్ పెన్నుతో పికప్ మీద మెల్లగా తట్టండి. టకటకమని స్పీకర్‌లో గట్టిగా మోగితే వదులుంది. ఇంకా తేలిక, పికప్ మీదికి వంగి "హలో" అనండి. నా హలో జామ్ రూమ్ అంతా వినిపించింది! చివరికి కవర్‌ని వేలితో నొక్కాను. కూత మారింది, గట్టిగా నొక్కితే ఆగింది.

విప్పి చూస్తే కవర్ అంచున సోల్డర్ రెండుసార్లు వేసిన గుర్తులు, అంటే ఎవరో ఒకసారి విప్పి మళ్లీ మూసినట్టుంది. లోపల మైనం చుక్క లేదు. మల్టీమీటర్ మాత్రం నిజంగానే 7.8 చూపించింది. అక్కడే నేను బోల్తా పడ్డాను. ఆ అంకె తీగ తెగలేదని చెబుతుంది, చుట్లు బిగువుగా ఉన్నాయో లేదో చెప్పదు.

న్యాయంగా ఒక మాట. 1957లో గిబ్సన్ గిటార్లలో వచ్చిన తొలి హంబకర్లకీ మైనం పట్టించలేదు. కాస్త గాలి ఆడినట్టుండే ఆ సౌండ్ కోసం కావాలనే అలాంటివి వెతుక్కునేవాళ్లున్నారు. అది తప్పు కాదు. మైనం పట్టించకుండా పట్టించానని అమ్మడమే మోసం.

బాగుచేయొచ్చు. పారఫిన్ మైనంలో ఐదో వంతు తేనెమైనం కలిపి, 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఉంచి, బుడగలు ఆగేదాకా పికప్‌ని ముంచాలి. మైనం గిన్నెని నేరుగా మంట మీద పెట్టొద్దు, అంటుకుంటుంది. నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి, థర్మామీటర్ తప్పనిసరి. వేడి ఎక్కువైతే బాబిన్ (తీగ చుట్టిన చట్రం) వంకరపోతుంది. నాకు ధైర్యం చాలక ఒక రిపేర్ అతనికి 1,200 ఇచ్చి చేయించాను. ఇప్పుడు కూత లేదు.

ఆ డబ్బైనా ఇమ్మని అమ్మినవాడికి మెసేజ్ పెడితే "సేల్ అయ్యాక మాకు సంబంధం లేదు బ్రో" అన్నాడు. అప్పటిదాకా అన్నని. తర్వాత నంబర్ బ్లాక్. నిన్న కొత్త ప్రకటన పెట్టాడు. ఎర్ర గిటార్, అదే టేబుల్, అదే మల్టీమీటర్. ఈసారి 8.1.