ప్లినీ బంధువర్గం తేల్చాలంటే ఏది మేలు: శాసనమా, ఉత్తరాలా?

రోమన్ సెనేటర్లలో చాలామంది గురించి మనకు దొరికేది ఒక్క శిలాశాసనమే. రోమన్ సెనేటరూ రచయితా అయిన చిన్న ప్లినీకి శాసనంతో పాటు ఆయన ఉత్తరాలు కూడా మిగిలాయి కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

పదవులకైతే శాసనమే నమ్మదగింది. దాని ముక్క ఒకటి మిలాన్‌లోని సంత్ అంబ్రోజియో చర్చిలో ఉంది, మిగతా పాఠం పాత నకళ్ల వల్ల తెలుస్తోంది. పదవుల వరుసను చివరి నుంచి వెనక్కి చదవాలి. అన్నిటికన్నా పెద్దదైన కాన్సుల్ పదవి ముందే కనిపిస్తుంది, కుర్రతనంలో చేసిన సైనిక ట్రిబ్యూన్ ఉద్యోగం చివర్లో వస్తుంది. సైనిక ఖజానా అధికారి పదవి ఈ రాతి మీద ఉంది, ఉత్తరాల్లో ఎక్కడా లేదు. చక్రవర్తి డొమిషియన్ కాలంలో తన ఎదుగుదల ఆగిపోయిందన్నట్టు ప్లినీ చెప్పుకున్నాడు, ఈ పదవేమో ఆ కాలానిదే అంటారు కాబట్టి ఆ మౌనాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

పేరు దగ్గర మాత్రం జాగ్రత్త. శాసనంలో "గాయస్ ప్లినియస్, లూసియస్ కొడుకు, కేసిలియస్ సెకుండస్" అని ఉంటుంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు చనిపోయిన మేనమామ గాయస్ ప్లినియస్ వీలునామాలో ఇతణ్ణి దత్తత తీసుకున్నాడు. పేరు మేనమామది వచ్చింది, పుట్టింటి పేరు కేసిలియస్ మధ్యలోకి జరిగింది, "లూసియస్ కొడుకు" అన్నది మాత్రం మారలేదు. దత్తత సంగతి తెలియకపోతే ఇక్కడే వంశవృక్షం తప్పుతుంది. ఒకే వంశనామం కనబడగానే చుట్టరికం కలిపేయడం ఇంకో పొరపాటు. విడుదలైన బానిసలు కూడా యజమాని పేరే పెట్టుకునేవారు. ప్లినీ మామగారి వైపు కల్పూర్నియస్‌లు ఉత్తర ఇటలీలోని కోముమ్ పట్టణపు కుటుంబం, అదే పేరున్న రోమ్‌లోని పీసో వంశంతో కలిపేయకూడదు.

భార్య, అత్తవారి బంధుత్వాలకు ఉత్తరాలే మేలు, సందేహం లేదు. ప్లినీ భార్య కల్పూర్నియాను పెంచింది మేనత్త హిస్పుల్లా అనీ, గర్భస్రావమైనప్పుడు ఆమె తాత ఫబాటస్‌కు ప్లినీ కబురు రాశాడనీ రాయి ఎలా చెబుతుంది? ఉత్తరాల పదో సంపుటి చివర, తాత పోయాడని తెలిసి ఆమె, ప్లినీ గవర్నరుగా ఉన్న బితీనియా నుంచి మేనత్త దగ్గరికి బయలుదేరితే, ప్లినీ ప్రభుత్వ ప్రయాణపు అనుమతిపత్రం సొంత బాధ్యతపై ఇచ్చి, చక్రవర్తి ట్రాజన్‌కు సంజాయిషీ రాశాడు. ట్రాజన్ ఒప్పుకున్నాడు.