ఉప్పల్ గేటు బయట కొన్న ఆరెంజ్ జెర్సీ

2025 ఏప్రిల్ 12న పంజాబ్‌తో సన్‌రైజర్స్ మ్యాచ్‌కి వెళ్తూ ఉప్పల్ స్టేడియం బయట 300 రూపాయలకు కొన్నాను. "రంగు పోదన్నా, గ్యారంటీ" అన్నాడు అమ్మిన కుర్రాడు. నిజమే, రంగు ఇప్పటికీ పోలేదు. వీపు మీద నంబరు మాత్రం రెండో ఉతుక్కే అంచుల్లో లేచింది. గుడ్డ పలచన, ఆ ఉక్కలో అదే హాయి.

లక్ష్యం 246 అనగానే నా గుండె జారిపోయింది. కానీ మన సన్‌రైజర్స్ ఓపెనర్ అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 బాదాడు! పక్క సీటు పెద్దాయన, ముక్కూ మొహం తెలియని మనిషి, నా భుజం పట్టుకుని ఊపేశారు. అక్కడ కుట్టు కాస్త ఊడింది. అమ్మ కుట్టిస్తానంటే వద్దన్నాను, అలాగే ఉండనీ.

తీసుకుంటే ఒక సైజు పెద్దది తీసుకోండి, చంకల దగ్గర బిగుతు.