అమరాన్ కారు బ్యాటరీ: అయిదేళ్లు దాటాక నా మాట

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్‌లో నీడ పార్కింగ్ సగం మందికే ఉంది, ఆ సగంలో నేను లేను. మే నెలంతా కారు ఎండలో మాడాల్సిందే. బ్యాటరీకి చలి కన్నా వేడే పెద్ద శత్రువు, వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని లెక్క. అలాంటి చోట పెట్టిన అమరాన్ అయిదేళ్లు దాటినా పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే బండిని లేపుతోంది. నాకింకేం కావాలి!

నాన్న మారుతి 800 నడిపిన రోజుల్లో అప్పుడప్పుడూ ఆరు మూతలూ విప్పి డిస్టిల్డ్ వాటర్ పోయడం నా డ్యూటీ. ఇప్పుడా గొడవే లేదు. పాత బ్యాటరీల సీసం పలకల్లో ఆంటిమొనీ కలిపేవాళ్లు, దానివల్ల నీళ్లు త్వరగా ఇంకిపోయేవి. ఆంటిమొనీ బదులు కాల్షియం వచ్చాక ఆ నష్టం బాగా తగ్గింది.

అమరాన్ చేసేవాళ్లు మొదట్లో కార్ల జోలికే పోలేదన్నది చాలామందికి తెలియదు. అమెరికాలో ఇంజనీరుగా చేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్ర నాయుడు గారు 1985లో తిరుపతి దగ్గర అమరరాజా పెట్టి, టెలికాం, రైల్వేలకి నీళ్లు పోయనక్కర్లేని సీల్డ్ బ్యాటరీలు చేశారు. ఎక్కడో టవర్ కింద ఉన్న బ్యాటరీకి రోజూ నీళ్లెవరు పోస్తారు? తర్వాత అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్‌తో చేతులు కలిపి, 2000లో అమరాన్‌తో కార్లలోకి వచ్చారు. మట్టిబొమ్మల యాడ్స్ గుర్తున్నాయా, అప్పటివే. అప్పటికే ఎక్సైడ్ పాతుకుపోయిన మార్కెట్ అది, ధైర్యమనే చెప్పాలి. 2019లో ఆ భాగస్వామ్యం ముగిసింది.

వాడకం సంగతికొస్తే, బ్యాటరీ పైన చార్జ్ చూపే చిన్న గాజు కన్ను ఆకుపచ్చగా ఉంది కదాని నిశ్చింతగా ఉండకండి. అది లోపలున్న ఆరు సెల్స్‌లో, అంటే ఆరు గదుల్లో, ఒక్కదాని సంగతే చెబుతుంది. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటర్ పెట్టి చూడండి, 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉంటే ఫుల్ చార్జ్, 12.2కి దిగితే సగమే. టెర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకుంటే నెగటివ్ ముందు విప్పి, వేడినీళ్లలో వంటసోడా వేసి తోమి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాయండి. ఆఫీసు రెండు కిలోమీటర్లే అయితే వారానికోసారి కాస్త దూరం తిప్పండి, లేకపోతే ఏ బ్రాండైనా చార్జ్ అందక చస్తుంది.

కొనేటప్పుడు నాకు చిరాకు తెప్పించింది షాపు. పేరెందుకులెండి, నెలల తరబడి మూలన పడున్న పీస్ తెచ్చి "ఫ్రెష్ స్టాకే సార్" అన్నాడు. తయారీ తేదీ అడిగితే లోపల్నుంచి ఇంకోటి వచ్చింది! వారంటీ కార్డు మీద తేదీ, స్టాంపు దగ్గరుండి వేయించుకోండి. వారంటీ మొత్తం కాలం కొత్త బ్యాటరీ ఊరికే ఇవ్వరు, మొదటి భాగమే ఫ్రీ, ఆ తర్వాత ప్రో రేటా, అంటే కొంత డబ్బు మనం కట్టుకోవాలి. పాతది ఇచ్చేస్తే ధరలో తగ్గిస్తారు, సీసం మళ్లీ కరిగించి వాడతారు కాబట్టి.

2023లో కంపెనీ పేరు అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీ అయింది. మన మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్స్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన కూడా ఆ ఏడాదే. సరే, నా పెట్రోల్ కారుకి మాత్రం ఇంకా సీసమే కావాలి, ఇది పోతే మళ్లీ ఇదే కొంటా, షాపు మారుస్తా.