దస్సాయ్ 23నా, దైషిచి కిమోతోనా: ఏది మేలు?

సాకే అంటే జపాన్ వాళ్లు బియ్యంతో చేసే మద్యం; దస్సాయ్, దైషిచి అందులో రెండు బ్రాండ్లు. సాకే కొనేవాళ్లలో చాలామంది ముందు చూసేది బియ్యం ఎంత పాలిష్ పట్టారన్న అంకె. దస్సాయ్ 23కి ఆ అంకే పేరు. గింజను 77 శాతం అరగదీసి, మిగిలిన 23 శాతంతో చేస్తారు. మనం వండుకునే తెల్ల బియ్యానికి పోయేది దాదాపు పది శాతమే. కిమోతో అనే పాత పద్ధతిలో దైషిచి వాళ్లు చేసే మామూలు సాకేలో అయితే గింజ సుమారు 70 శాతం మిగులుతుంది. అంకెనే నమ్ముకుంటే పోటీ ఇక్కడితో అయిపోవాలి.

గింజ పైపొరల్లో మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువ. అవి పోయేకొద్దీ సాకే తేలికవుతుంది, పండ్ల వాసన పైకొస్తుంది. దస్సాయ్ గొప్పతనం అదే. చల్లగా ఒక గుక్క తాగితే యాపిల్, కర్బూజా గుర్తొస్తాయి. సాకే అంటే ఘాటుగా ఉంటుందేమోనని జంకేవాళ్లకు దీన్నే ఇవ్వాలి. (సాకే సారా కాదు, బట్టీ పెట్టరు. పులియబెట్టి వడకడతారు, అంతే. ఆల్కహాల్ 15, 16 శాతం.)

దస్సాయ్ పుట్టింది యమగుచి ప్రాంతంలోని ఇవాకుని కొండల్లో. 1984లో హిరోషి సకురాయ్ చేతికొచ్చేసరికి కంపెనీ అమ్మకాలు పడిపోతున్నాయి. 1990లో దస్సాయ్ పేరుతో అమ్మకం మొదలుపెట్టాడు. ముందు 25 శాతం దాకా అరగదీయాలనుకున్నాడట. అప్పటికే ఎవరో 24తో చేశారని తెలిసి 23కి దిగాడు. అంటే ఆ అంకెలో రుచి లెక్క కంటే పంతమే ఎక్కువ. తర్వాత పెట్టిన బీరు రెస్టారెంట్ నష్టాల్లో మునిగింది. తయారీ చూసే పెద్ద మేస్త్రీ, అంటే తోజి, తన మనుషులతో వెళ్లిపోయాడు. దాంతో ఉద్యోగులే కొలతలు రాసుకుంటూ, చలికాలమనే పట్టింపు లేకుండా ఏడాది పొడవునా చేయడం నేర్చుకున్నారు.

దైషిచి 1752 నాటిది. ఊరు ఫుకుషిమాలోని నిహోన్‌మత్సు. వీళ్లు పట్టుకుని కూర్చున్నది కిమోతో పద్ధతి. అన్నం, కోజి (ఒక రకం బూజు పట్టించిన అన్నం), నీళ్లు తొట్టెల్లో వేసి కర్రలతో మెదిపి వదిలేస్తారు. లాక్టిక్ బ్యాక్టీరియా తనంతట తాను చేరి పులుపు తెస్తుంది, ఆ పులుపు పాడుచేసే క్రిములను అణచేస్తుంది, అప్పుడు ఈస్ట్ బలపడుతుంది. ఇందుకు నాలుగు వారాలు పడుతుంది. దస్సాయ్‌తో సహా ఎక్కువమంది చేసేది తయారుగా ఉన్న లాక్టిక్ యాసిడ్ పోయడం. అలా చేస్తే అందులో సగం సమయం చాలు. తరవాణి కుండలో గంజి పులవడానికీ, గంజిలో నిమ్మకాయ పిండుకోవడానికీ ఉన్న తేడా లాంటిది ఇది.

అలాగని దైషిచి పాత పాటే పాడుకుంటూ కూర్చోలేదు. మామూలు మిల్లు బియ్యాన్ని గుండ్రంగా చేస్తుంది. అసలు గింజ బల్లపరుపుగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టి కొసల్లో మంచి పిండి పోయి, పక్కల్లో మాంసకృత్తులు మిగిలిపోతాయి. గింజ ఆకారాన్నే అనుసరించి అన్ని వైపులా సమంగా తీసే పద్ధతిని వీళ్లు 1990లలో పట్టుకున్నారు. అందుకే 70 దగ్గర ఆగినా రుచి మోటుగా ఉండదు. అటు దస్సాయ్‌లోనూ కోజి పని మనుషుల చేతులతోనే నడుస్తుంది. ఒకరిది యంత్రం, ఇంకొకరిది సంప్రదాయం అని విడదీయడం నాకు కుదరలేదు.

నా ఓటు దైషిచికే. గోరువెచ్చగా చేసి పుట్టగొడుగుల కూరతోనో, వేయించిన చేపతోనో తాగితే దాని పులుపూ చిక్కదనమూ తెలుస్తాయి. అదే భోజనం పక్కన దస్సాయ్ వాసన వెలవెలబోతుంది. దాన్ని ఒంటరిగా, భోజనానికి ముందే తాగాలి. మూత తీశాక ఆ వాసన ఎక్కువ రోజులు నిలవదు కూడా. పైగా జపాన్‌లో ఒక దస్సాయ్ 23 డబ్బుకు దైషిచి కిమోతో కనీసం రెండు సీసాలొస్తాయి.

ఎవరికైనా కానుకగా ఇవ్వాలంటే మాత్రం దస్సాయే కొంటాను. ఎంత ఖర్చుపెట్టామో ఆ 23 చూడగానే వాళ్లకు అర్థమైపోతుంది.