ఫిట్‌నెస్ బ్యాండ్ కొనొచ్చా: ఏళ్ల తరబడి వాడాక తేలిన లెక్క

కొనొచ్చు. అయితే పెట్టె మీద అచ్చేసిన పాతిక ఫీచర్లలో నిజంగా అక్కరకొచ్చేవి మూడు. రోజుకి ఎంత నడుస్తున్నారు, ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు. ఈ మూడింటినీ కూడా ఇవాళ్టి అంకెగా చూస్తే లాభం లేదు, వారాల తరబడి సాగే గీతగా చూడాలి. ఈ పని రెండు మూడు వేల రూపాయల బ్యాండు చేసిపెడుతుంది. పదిహేను వేలు పెట్టినా ఈ మూడింట్లో పెద్ద తేడా రాదు.

ముందు అడుగుల సంగతి. బ్యాండు లోపల ఉండేది మూడు దిక్కుల కదలికను పట్టే చిన్న యాక్సిలరోమీటర్. అది చూసేది పాదాన్ని కాదు, చెయ్యి ఊగడాన్ని. అందుకే సూపర్ మార్కెట్లో ట్రాలీ తోస్తూ తిరిగినా, రెండు చేతుల్లో కూరగాయల సంచులు పట్టుకుని వచ్చినా, ఫోన్ చెవికి ఆనించుకుని నడిచినా అడుగులు తక్కువ పడతాయి. చపాతీలు ఒత్తుతుంటేనూ, బట్టలు ఉతుకుతుంటేనూ, గుంతల రోడ్డు మీద స్కూటర్ నడుపుతుంటేనూ నడవని అడుగులు వచ్చి చేరతాయి. చాలా బ్యాండ్లు వరసగా కొన్ని అడుగులు పడ్డాకే లెక్క మొదలుపెడతాయి. కాబట్టి వంటింట్లో స్టవ్ నుంచి సింక్ దాకా వేసే నాలుగేసి అడుగులు రోజంతా వేసినా లెక్కకు రావు. అలిపిరి దారిలో 3,550 మెట్లెక్కినవాళ్లు పక్కనున్న కమ్మీ పట్టుకుని ఎక్కితే బ్యాండు సగం మింగేసినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎక్కిన ఎత్తు తెలియాలంటే గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్ ఉండాలి, చవక బ్యాండ్లలో అది ఉండదు.

దీన్ని కొంత సరిచేసుకోవచ్చు. కుడిచేతి వాటం అయితే ఎడమ చేతికి కట్టి, ఏ చేతికి కట్టారో యాప్‌లో సరిగ్గా పెట్టాలి. ఎత్తు కూడా నిజమైనదే ఇవ్వాలి. జీపీఎస్ లేని బ్యాండు మీ ఎత్తును బట్టి అడుగు పొడవు ఊహించి, దాన్నే అడుగుల సంఖ్యతో హెచ్చవేసి దూరం చెబుతుంది. నాలుగు అంగుళాలు ఎక్కువ రాసుకుంటే కిలోమీటర్లు కూడా అలాగే పెరుగుతాయి. పొట్టి అడుగులు వేసే పెద్దవాళ్లకు ఎత్తు సరిగ్గా ఇచ్చినా దూరం ఎక్కువే చూపిస్తుంది.

రోజుకి 10,000 అడుగులన్న లక్ష్యం ఏ వైద్య పరిశోధనలోనూ తేలింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ఒక అడుగుల మీటరుతో ప్రచారంలోకి వచ్చింది. సగటున 72 ఏళ్ల వయసున్న స్త్రీల మీద అమెరికాలో చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. అందులో రోజుకి 7,500 అడుగుల దగ్గరే ఆయుష్షుకు సంబంధించిన లాభం నిలకడకు వచ్చేసింది. బ్యాండ్ కొన్న మొదటి వారం లక్ష్యం ఏదీ పెట్టుకోకుండా మామూలుగా తిరగండి. వచ్చిన సగటుకు వెయ్యో పదిహేను వందలో కలిపి అది పెట్టుకోండి. అసలు అడుగుల కన్నా వేగంగా నడిచిన నిమిషాలు ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం వస్తే అది మధ్యస్థ శ్రమ. దీనికి బ్యాండు కూడా అక్కర్లేదు.

ఇక గుండె లెక్క. బ్యాండు వెనక వెలిగే ఆకుపచ్చ దీపాలు చర్మంలోకి కాంతి పంపుతాయి. రక్తం ఆ రంగును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్కడ రక్తం పెరిగి తిరిగొచ్చే కాంతి కాస్త తగ్గుతుంది, పక్కనున్న సెన్సర్ ఆ హెచ్చుతగ్గులు లెక్కపెడుతుంది. ఈ పద్ధతి ఎక్కడ తప్పుతుందో ఇందులోనే ఉంది. బ్యాండు వదులుగా ఉంటే బయటి వెలుతురు దూరుతుంది. మణికట్టు ఎముక మీద కూర్చుంటే కింద రక్తం దొరకదు. చలికాలం తెల్లవారుజామున చేతులు చల్లబడితే చర్మానికి రక్తం తక్కువ వస్తుంది. మణికట్టు మీద పచ్చబొట్టు ఉంటే కాంతిని అదే పీల్చేస్తుంది. గాజులు వేసుకునేవాళ్లకు ఇంకో బాధ: గాజులు బ్యాండును కిందికి నెట్టేస్తాయి, గాజులు లేని చేతికి కట్టడమే మంచిది. మామూలుగా ఎముకకు ఒక వేలు పైన, వ్యాయామం చేసేటప్పుడు రెండు మూడు వేళ్లు పైన, ఇంకో రంధ్రం బిగించి కట్టాలి. తీశాక అచ్చు లోతుగా పడిందంటే ఎక్కువ బిగించినట్టు.

పరిగెత్తేవాళ్లను బాగా మోసం చేసేది వేరే ఉంది. పరుగులో పాదాలు నిమిషానికి 160, 170 సార్లు నేలను తాకుతాయి. ఆ కుదుపునే బ్యాండు గుండె చప్పుడనుకుని 165 చూపిస్తుంది, అసలు గుండె 140లో ఉంటుంది. ఆయాసం లేకపోయినా అంకె మాత్రం అడుగుల లయ దగ్గరే కదలకుండా నిలబడిపోతే అనుమానించండి. ఒక అర నిమిషం ఆగి, పట్టీ పైకి జరిపి బిగిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. డంబెల్స్ పట్టుకున్నప్పుడు, బ్యాడ్మింటన్ ఆడేటప్పుడు మణికట్టు మడత పడుతుంది, రీడింగ్ వెనకబడుతుంది. అలాంటి వ్యాయామాలకు ఛాతీకి కట్టే పట్టీయే నమ్మదగ్గది, అది గుండె విద్యుత్తునే నేరుగా పట్టుకుంటుంది.

గుండె వేగాన్ని బట్టి శ్రమను మెట్లుగా విడదీసి చూపే జోన్ల రంగులు కూడా అతిగా నమ్మకూడదు. చాలా యాప్‌లు 220లోంచి వయసు తీసేసి గరిష్ఠం లెక్కవేస్తాయి. అది అందరి సగటు, మీ గుండెకు నిమిషానికి పది ఇటో అటో ఉండొచ్చు. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మందులు వాడేవాళ్లకు ఈ జోన్లు అసలు వర్తించవు. ఆ మందు గుండె వేగాన్నే పట్టి ఉంచుతుంది. రొప్పుతున్నా బ్యాండు మాత్రం ఇంకా వేగంగా నడవమంటుంది. వాళ్లు పైన చెప్పిన మాట, పాట కొలతనే పట్టుకోవాలి.

అన్నింటికన్నా నాకు విలువైనదనిపించింది విశ్రాంతిలో గుండె వేగం. యాప్‌లో కొలత వ్యవధి సాధారణంగా పది నిమిషాలకో, ముప్ఫై నిమిషాలకో పెట్టి వస్తుంది. దాన్ని నిమిషానికో ఐదు నిమిషాలకో మార్చండి, బ్యాటరీ కొంత త్వరగా దిగినా సరే. రెండు మూడు వారాల్లో మీ మామూలు అంకె తెలిసిపోతుంది. అది రెండు మూడు రోజుల పాటు ఐదారు పెరిగితే ఏదో ఉంది: నిద్ర చాలక, నీళ్లు తక్కువై, మందు కొట్టి, లేదా జ్వరం రాబోతూ. ఆ రోజు గట్టి వ్యాయామం మానుకోవడానికి ఈ కబురు చాలు. నెలల తరబడి నడిస్తే ఇదే అంకె మెల్లగా దిగడం కూడా కనిపిస్తుంది.

కాలరీలు మాత్రం వదిలేయండి. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏడు పరికరాలను 60 మంది మీద పరీక్షించారు. ఆరు పరికరాలు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చూపించాయి. ఖర్చయిన శక్తి విషయంలో అన్నింటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. బ్యాండు 400 కాలరీలు కరిగాయంది కదా అని ఇంకో నెయ్యి దోసె తింటే ఆ లెక్క ఎప్పటికీ కుదరదు. బరువు తగ్గడానికే కొనేవాళ్లు ఇంకోటి కూడా తెలుసుకోవాలి. పిట్స్‌బర్గ్‌లో 471 మందితో రెండేళ్లు చేసిన ప్రయోగం ఫలితం 2016లో వచ్చింది. ఆహార నియమంతో పాటు బ్యాండు లాంటి పరికరం ఇచ్చినవాళ్లు 3.5 కిలోలు తగ్గితే, పరికరం లేనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు.

నిద్ర ఎన్ని గంటలన్నది పర్వాలేదు. గాఢ నిద్ర, కలల నిద్ర అని విడదీసి చూపే రంగుల పట్టీ ఊహే, నిజంగా తెలియాలంటే తలకు తీగలు పెట్టి మెదడు తరంగాలు చూడాలి. కదలకుండా పడుకుని ఫోన్ చూస్తున్నా కొన్ని బ్యాండ్లు నిద్ర కిందే రాసేస్తాయి. రాత్రి షిఫ్టుల వాళ్లు కొనేముందు పగటి నిద్రను పూర్తి నిద్రగా పడుతుందో లేదో చూసుకోవాలి. కొన్ని దాన్ని కునుకు కిందే వేస్తాయి.

బీపీ చూపిస్తుందని వచ్చే చవక వాచీని ఆ ఒక్క కారణంతో కొనొద్దు. శాంసంగ్ వాచీలో కూడా బీపీ అంకెను, చేతికి చుట్టే మామూలు బీపీ మిషన్‌తో 28 రోజులకోసారి సరిచూసుకుంటూ ఉండాలి. గుచ్చకుండా షుగర్ చూపుతామనే వాచీలను, ఉంగరాలను వాడొద్దని అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అలాంటి పరికరం దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని కూడా చెప్పింది. దాని అంకె చూసి ఇన్సులిన్ మోతాదు మారిస్తే ప్రాణం మీదికొస్తుంది. ఖరీదైన వాచీల్లోని ఈసీజీ గుండె లయ తప్పడాన్ని పట్టుకోగలదు, గుండెపోటును కాదు. ఛాతీలో నొప్పి వస్తే వాచీ చూసుకుంటూ కూర్చోకూడదు.

కొన్నాక వాపసు గడువు లోపలే నాలుగు పరీక్షలు చేయండి. నోటితో లెక్కపెడుతూ 500 అడుగులు మామూలుగా నడవండి, 25 దాకా తేడా సరే. కూర్చుని మెడ దగ్గర నాడి 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి, మూడు నాలుగు తేడా సరే. స్టేడియంలో 400 మీటర్ల ట్రాక్ లోపలి వరసలో నాలుగు చుట్లు తిరిగి దూరం చూడండి. తెలుగులో మెసేజ్ పంపించుకుని చూడండి, కొన్ని బ్యాండ్లలో ఒత్తులు విడిపోతాయి, కొన్నింట్లో డబ్బాలే కనిపిస్తాయి. అరటిపండుకు కట్టినా గుండె కొట్టుకుంటోందని చూపించే వీడియోలను మాత్రం పట్టించుకోకండి. మంచి సెన్సర్ కూడా తిరిగొచ్చే కాంతిలోని గందరగోళాన్ని అలాగే లెక్కపెడుతుంది.

నోటిఫికేషన్లు రావడం ఆగిపోతే తప్పు చాలావరకు ఫోనుదే. బ్యాటరీ ఆదా చేయడానికి ఆండ్రాయిడ్ ఫోను బ్యాండు యాప్‌ను వెనక నడవకుండా ఆపేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ వాడకం అన్‌రిస్ట్రిక్టెడ్ అని పెట్టి, ఆటోస్టార్ట్ ఆన్ చేయాలి.

చెయ్యి దురద పెడితే ముందు సబ్బు, చెమట సంగతి చూడండి. స్నానానికి తీసేయండి, పట్టీని రెండు రోజులకోసారి ఉత్త నీళ్లతో కడిగి ఆరబెట్టండి. పెట్టె మీద రాసే 5 ఏటీఎం అన్నది 50 మీటర్ల లోతు నీటి ఒత్తిడికి చేసిన పరీక్ష, వేడినీళ్లకు, సబ్బుకు సీల్ తట్టుకుంటుందని కాదు. చెమట తడితో చార్జింగ్ పెడితే వెనక పిన్నులు నల్లబడి పాడవుతాయి, తుడిచాకే పెట్టండి. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలితే బ్యాటరీ త్వరగా పోతుంది. బ్యాటరీ జిగురుతో అతికించి ఉంటుంది కాబట్టి మార్పించడం దాదాపు కుదరదు. మొదట్లో పది రోజులొచ్చే చార్జింగ్ రెండేళ్లు దాటాక ఐదారు రోజులకు దిగుతుంది.

నడకకు, ఇంటి పనికి రెండు మూడు వేల బ్యాండు చాలు. ఆ ధరలోనే వచ్చే పెద్ద తెర కాలింగ్ వాచీ వద్దు. డబ్బంతా తెరకూ స్పీకరుకూ పోతుంది, చార్జింగ్ రెండు మూడు రోజులు దాటదు. ఫోన్ లేకుండా పరుగెత్తేవాళ్లకు లోపలే జీపీఎస్ ఉన్నది కావాలి. కనెక్టెడ్ జీపీఎస్ అని రాసి ఉంటే అది ఫోన్‌ది వాడుకుంటుందని అర్థం. నెలనెలా చందా కడితే తప్ప లెక్కలు చూపని ఉంగరాలు, పట్టీలు కొనేముందు రెండేళ్ల చందా కూడా ధరలో కలుపుకుని చూడండి. చార్జింగ్ కేబుల్ మోడల్ మోడల్‌కీ మారుతుంది, ఏడాది తర్వాత వెతికితే దొరకదు. బ్యాండుతో పాటే ఇంకో కేబుల్, ఒక పట్టీ కొని పెట్టుకోండి.